పెరుగు బంద్

ఆ రోజుల్లో కోపం నాకు రెండో ఉద్యోగం. మొదటిది విశాఖపట్నంలో ఒక దినపత్రిక జిల్లా డెస్కులో సబ్‌ఎడిటర్ పని. సాయంత్రం నాలుగింటికి కూర్చుంటే పేజీలు ప్రెస్సుకు వెళ్ళేదాకా లేవడానికి ఉండేది కాదు. దానికి వారానికో సెలవు ఉండేది. కోపానికి అదీ లేదు. పొద్దున్న కళ్ళు పూర్తిగా తెరుచుకోకముందే దిండు కింద తడిమి ఫోను తీసి, నేను నిద్రపోయిన ఆరేడు గంటల్లో ఈ దేశానికి ఎవరెవరు ఏమేం ద్రోహం చేశారో చూసుకునేవాణ్ణి. ఎవరూ ఏమీ చెయ్యని రోజున కొంచెం నీరసంగా ఉండేది. పాతికేళ్ళ వయసు, నాలుగు పుస్తకాల చదువు, చేతిలో ఇంటర్నెట్టు. ఈ మూడూ ఒకచోట చేరితే మనిషి ఎంత ప్రమాదకరమైన వస్తువో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం నేను నిద్రపోతే దేశం ఏమైపోతుందోనన్న బెంగతో, చాలా బాధ్యతగా, రోజంతా మండిపడుతూ ఉండేవాణ్ణి.

అప్పట్లో దేశమంతా ఒకే గొడవ. సరిహద్దు దాటి వచ్చినవాళ్ళను ఏం చెయ్యాలి, ఎవడు మనవాడు, ఎవడు కాడు, మనవాడే అయితే ఆ సంగతి ఏ కాగితం చూపించి రుజువు చేసుకోవాలి. ఢిల్లీలో కూర్చున్నవాళ్ళు తేల్చవలసిన విషయం. వాళ్ళు ఎలాగూ తేల్చేలా లేరని కంచరపాలెంలో, రైలు పట్టాలకు కూతవేటు దూరంలో, ఒక మెస్సు బల్లకు చెరోపక్కా కూర్చుని ఇద్దరు మనుషులు ఆ భారం నెత్తికెత్తుకున్నారు. ఒకణ్ణి నేను. రెండో ఆయన్ని అందరూ క్రేన్ బావ అనేవారు. పోర్టులో క్రేన్ ఆపరేటరు. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద, మంచి ఒడ్డూ పొడుగూ, గొంతు దానికి రెట్టింపు. ఆయన నాకు బావ కాదు, నేను ఆయనకు బావమరిదినీ కాను. మా వైపు మగవాళ్ళు ఒకరినొకరు తిట్టుకోవడానికి కూడా ముందు బావా అని పిలిచి మరీ తిట్టుకుంటారు.

నేను వచ్చినవాళ్ళ పక్షం. మనిషికి కాళ్ళు ఇచ్చింది నడవడానికే, ఆకలికి పాస్‌పోర్టు ఉండదు, ఇలాంటి వాక్యాలు నా దగ్గర బుట్టెడు ఉండేవి. బావ పంపించేవాళ్ళ పక్షం. ఆయన వాక్యాలు పొట్టివి. ఒకసారి నేను నెట్‌లో నాలుగు పేరాలు రాసి పెడితే దాని కింద ఒకే ముక్క రాశాడు: 'లిస్టు ఇమ్మను, నా క్రేనుతోనే ఎత్తి ఓడలో ఎడతాను.' దానికి నూటపాతిక మంది చప్పట్లు. మనుషులేమన్నా బొగ్గా, ఎత్తి పొయ్యడానికి? ఆ కోపంలో నేనూ చెయ్యకూడని పని చేశాను. బావ తాత చిన్నప్పుడే రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళి, అక్కడి రేవులో మూటలు మోసి, యుద్ధం రోజుల్లో తిరిగొచ్చాడని ఎప్పుడో అన్నం తింటూ ఆయనే చెప్పాడు. ఆ మాట తీసుకెళ్ళి వేలమంది చూసేచోట పెట్టాను. 'నీ తాతను రంగంలో ఏ క్రేను ఎత్తి పారేసింది?' అని. పావుగంటకి బావ జవాబు వచ్చింది: 'మా తాత ఎల్లినప్పుడు ఓడెక్కి ఎల్లినాడు. వచ్చినప్పుడు అడవిలంట నడిసొచ్చినాడు. ఆడి పేరు నువ్వెత్తకు.' నేను గెలిచాననుకున్నాను. ఆ గెలుపు రుచి ఎలా ఉంటుందో తెలుసా? ఏమీ ఉండదు. మళ్ళీ ఇంకొకటి కావాలనిపిస్తుంది, అంతే.

ఇదంతా మేం నోటితో కాక ఫోన్లలోనే ఎందుకు చేసేవాళ్ళమంటే, దానికి కారణం మెస్సు పిన్ని. మెస్సు నడిపే ఆవిడ వయసు అరవై దాటినా ఊరందరికీ పిన్నే. మొదట్లో మేం బల్ల దగ్గరే గొంతులు చించుకునేవాళ్ళం. ఒకనాడు బావ 'సరిహద్దు' అంటూ చెయ్యి విసిరితే సాంబారు బకెట్టు వెళ్ళి ఒక రైల్వే గుమాస్తా ఒళ్ళో పడింది. పిన్ని నేల తుడిపించి, కాలెండరు కాగితం ఒకటి చించి, దాని వెనక బొగ్గుతో రాసి గోడకు అంటించింది: 'రాజకీయం మాట్లాడినోలికి పెరుగు లేదు.' కంచరపాలెంలో పిన్ని పెరుగు తినని వాడికి ఇది చిన్న శిక్షలా కనిపించవచ్చు. గిన్నె బోర్లించినా జారని పెరుగది. ఆ రోజు నుంచి మా నోళ్ళు మూతపడ్డాయి, బొటనవేళ్ళు తెరుచుకున్నాయి. నేను కుడిచేత్తో కలుపుకుంటూ ఎడమచేత్తో 'నీలాంటి కఠిన హృదయుల వల్లే' అని కొట్టి పంపేవాణ్ణి. బల్ల అవతల టింగుమనేది. బావ చదివేవాడు, ముక్కుపుటాలు ఎగిరేవి. "పప్పు ఇటియ్యి బావా," అనేవాడు పైకి, చాలా నెమ్మదిగా. పప్పు అందించేవాణ్ణి. ఈలోగా నా జేబులో టింగు. 'దేశం తిండి తిని దేశాన్నే తిట్టే ద్రోహి.' (ఆ క్షణాన ఆయన తింటున్న పప్పు నేను అందించిందే.) "ఆవకాయ గావాలేటి?" అని ఆయనే మళ్ళీ అడిగేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు మమ్మల్ని చూసి, ఎంత మర్యాదస్తులో అనుకునేవారట.

ఇక దాదా. ఆ మెస్సులో వంట పిన్నిది అనుకునేవాళ్ళు గానీ, వంట దాదాది. నలభై అయిదేళ్ళుంటాయి, బక్కపలుచని మనిషి, భుజం మీద ఎప్పుడూ ఎర్రగళ్ళ తువ్వాలు. తెల్లారుజామునే జెట్టీకి వెళ్ళి చేపలు తెచ్చేది ఆయనే, కోసేది ఆయనే, పులుసు పెట్టేది ఆయనే. బెంగాల్ నుంచి వచ్చాడు, వాళ్ళ భాషలో దాదా అంటే అన్న. (నేను చాలాకాలం ఒడిశా అనుకున్నాను. అడిగితే తెలిసేది. అడగలేదు.) వచ్చి పదకొండేళ్ళయింది, భాష పూర్తిగా కంచరపాలెం అయిపోయింది. తగరపువలస దగ్గర పల్లెటూళ్ళో పుట్టిన నేను చదువు పేరుతో నా యాస పోగొట్టుకుంటే, ఎక్కణ్ణుంచో వచ్చిన దాదా దాన్ని దొరకబుచ్చుకున్నాడు. "ఏటి బాబూ, రెండు ముద్దలే తింతన్నావు, ఒంట్లో బాగోలేదేటి?" అని అడిగితే ఎవరూ ఆయన్ని బయటివాడు అనుకోరు. ఒక్క 'బాబూ' దగ్గర మాత్రం నోరు కొంచెం గుండ్రంగా తిరిగేది.

ఒకసారి మా ఆదివారం పేజీకి మెస్సుల మీద ఒక ఐటెం రాయాల్సి వచ్చింది. మా డెస్కు ఇన్‌ఛార్జి గారు ఫోటోల గురించి ఒక సూత్రం చెప్పేవారు. "మనిషి ఊరికే నిలబడితే అది దరఖాస్తుకి అంటించే ఫోటో. చేతిలో పని ఉంటే వార్త," అని. అందుకని నేను దాదాని పెరట్లో కూర్చోబెట్టి, ముందు ఒక కోనాం చేప పెట్టి, చేపంత పొడుగున్న కత్తి చేతికిచ్చి ఫోటో తీశాను. "ఎత్తు దాదా, కత్తి ఇంకొంచెం పైకెత్తు, ఇటు చూసి నవ్వు," అన్నాను. ఆయన ఎత్తాడు, నవ్వాడు. చాలా బాగా వచ్చింది. ఆ ఆదివారం ఆ చోటు ప్రకటన మింగేసింది, ఐటెం పడలేదు. ఫోటో నా ఫోన్లో ఉండిపోయింది.

నా వారపు సెలవు మంగళవారం. ఆ మంగళవారం తొమ్మిదింటికి మెస్సుకి వెళితే పొయ్యి వెలగలేదు. పిన్ని గుమ్మంలోనే నిలబడి ఉంది.

"బాబూ, దాదాని జెట్టీ కాడ పోలీసులు పట్టుకుపోయినారంట. సేపలమ్మే ఆడోళ్ళు కబురెట్టినారు. నువ్వు పేపరోడివి కదా, ఓపాలెళ్ళి మావోడని సెప్పి తీసుకొచ్చీ నాయనా. నానెల్తే ఆళ్ళు ఇంటారేటి?"

జరిగింది ఇదీ. బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళ వివరాలు రాసుకుంటూ పోలీసులు ఆ పొద్దున్న జెట్టీకి వచ్చారు. మామూలు పనే. దాదాని ఏ ఊరు నీది అని అడిగారు. కంచరపాలెం అన్నాడు. అది కాదు, సొంత ఊరు అన్నారు. కంచరపాలెమే బాబూ అన్నాడు. మూడోసారీ అదే జవాబు. ఆ గుండ్రటి 'బాబూ' విన్న హెడ్డు కానిస్టేబులుకు ఇతనేదో దాస్తున్నాడని అనుమానం వచ్చింది. మిగతావాళ్ళు జేబుల్లోంచి కార్డులు తీసి చూపించి వెళ్ళిపోయారు. దాదా కార్డు ఊళ్ళో భార్య దగ్గర పెట్టెలో భద్రంగా ఉంది. దాంతో వచ్చి కూర్చోమన్నారు. (ఏ స్టేషనో చెప్పను. అక్కడివాళ్ళు చేసింది తక్కువ, నేను చేసింది ఎక్కువ.)

"ఇప్పుడే వెళ్తాను పిన్నీ, పది నిమిషాలు," అన్నాను. అబద్ధం కాదు, నిజంగానే పది నిమిషాలనుకున్నాను. కానీ నా ఒంట్లో అప్పుడు ప్రవహిస్తున్నది రక్తం కాదు. ఇన్నాళ్ళూ నేను గాలిలో వాదిస్తున్నదానికి రుజువు దొరికింది! కళ్ళముందు, మా మెస్సులో, నాకు రోజూ అన్నం పెట్టే మనిషి! ఖాళీ బల్ల దగ్గర కూర్చుని, బావ ఎప్పుడూ కూర్చునే చోటు వైపు పగగా చూస్తూ రాయడం మొదలుపెట్టాను. పది నిమిషాలు గంటన్నర అయింది. చేతులు వాటంతటవే రాశాయి. మధ్యలో ఒక పేరాకి నాకే కళ్ళు చెమర్చాయి. మా ఇన్‌ఛార్జి గారి సూత్రం గుర్తొచ్చి, ఫోన్లో ఉన్న మూడు ఫోటోల్లో చేతులు కట్టుకుని నిలబడ్డ రెంటినీ వదిలేసి, చేతిలో పని ఉన్నది ఎంచుకున్నాను. 'మా దాదా. ఇతనా మీ శత్రువు?' అని శీర్షిక పెట్టి, పోస్టు చేసి, స్టేషనుకి బయలుదేరడానికి చెప్పులు కూడా వేసుకున్నాను.

టింగుమంది. వేసుకున్న చెప్పులతోనే మళ్ళీ కూర్చున్నాను.

ఆ తర్వాత నాలుగు గంటలు ఎలా గడిచాయో నాకు గుర్తులేదు. మెచ్చుకున్నవాళ్ళకు దండాలు, తిట్టినవాళ్ళకు తిట్లు. పన్నెండింటికి పిన్ని వచ్చి, "ఏటయ్యింది బాబూ?" అంటే, తల ఎత్తకుండా, "ఆ పని మీదే ఉన్నాను పిన్నీ," అన్నాను. ఆవిడ నమ్మి, నా ముందు ఒక గ్లాసు మజ్జిగ పెట్టి వెళ్ళింది. (ఆ మజ్జిగ తాగాను కూడా.) ఇంత జరుగుతున్నా క్రేన్ బావ నుంచి చప్పుడు లేదు. పొద్దుటి నుంచి ఒక్క ముక్క రాయలేదు. నోరు మూతపడింది, ఓడిపోయాడు, అనుకున్నాను. ఆయనకు ఆ వారం పొద్దుటి షిఫ్టనీ, క్రేను ఎక్కేముందు ఫోను లాకర్లో పెట్టి వెళ్ళాలనీ నాకు తెలుసు. తెలిసినా గుర్తు రాలేదు. గెలుస్తున్నవాడికి ఏదీ గుర్తు రాదు.

ఒంటిగంటకి మొదటిసారి చూశాను ఆ ఫోటోని. నా ఫోటోయే. కానీ ఎవరో మహానుభావుడు దాని కింది సగం కత్తిరించేశాడు. చేప లేదు. పెరడు లేదు. పిన్ని ఆరేసిన వడియాలు లేవు. తువ్వాలు భుజాన వేసుకున్న ఒక మనిషి, పైకెత్తిన పొడుగాటి కత్తి, నవ్వు. కింద: 'వీళ్ళు మన ఊరికొచ్చేశారు. మీ ఇంట్లో ఆడపిల్లలు జాగ్రత్త.' చూస్తూ ఉండగానే అది నా పోస్టును దాటి ముందుకు పోయింది. నేను దాని వెనక పరిగెత్తాను, 'అది చేపల కత్తి, కింద కోనాం ఉంది' అని ప్రతివాడి కిందా రాస్తూ. వందమందికి రాసి ఉంటాను. ఒకడు తాపీగా జవాబిచ్చాడు: 'చేపేదీ?'

మూడింటికి ఇన్‌ఛార్జి గారి ఫోను. ఆయన ఎప్పుడూ గొంతు పెంచేవారు కాదు.

"నీ పోస్టు చూశానయ్యా. ఆ మనిషి ఏ స్టేషన్లో ఉన్నాడు?"

"తెలీదండీ. జెట్టీ వైపు స్టేషనే అయ్యుంటుంది."

"ఎందుకు పట్టుకెళ్ళారు?"

"కనుక్కోవాలండీ."

"అదే మన పేజీకైతే ఇలాగే రాసేవాడివా?"

"లేదండీ. ముందు వెళ్ళి కనుక్కునేవాణ్ణి."

"అంటే పేజీకి ఇచ్చిన మర్యాద మనిషికి ఇవ్వలేదన్నమాట," అని పెట్టేశారు.

నేను స్టేషనుకి చేరేసరికి నాలుగయింది. వరండాలో బల్ల మీద, పోర్టు యూనిఫాంలో, మోకాళ్ళ మీద మోచేతులు ఆనించుకుని క్రేన్ బావ కూర్చుని ఉన్నాడు. రెండింటికి షిఫ్టు దిగి, లాకర్లోంచి ఫోను తీసి, నా పోస్టు చూసి, అన్నం కూడా తినకుండా తిన్నగా వచ్చాడట. లోపల కటకటాల పక్కన నేల మీద దాదా గోడకు ఆనుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. అలవాటు కదా, నేను వస్తే ఆయన లేస్తాడు కంచం పెట్టడానికి.

అంతదాకా బయట ఉన్న ఎస్సై గారు అప్పుడే వచ్చాడు. కుర్రవాడే, నా వయసుంటుంది. నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"కత్తి ఫోటో మీరేనా పెట్టింది?"

"అది చేపల కత్తి సార్. కోనాం కోస్తున్నాడు."

"మా పెద్ద సారు పంపిన ఫోటోలో చేప లేదండీ." ఫోను నా వైపు తిప్పాడు. "పొద్దున్న ఎవరైనా వచ్చి సంతకం పెట్టుంటే పదింటికల్లా పంపించేసేవాణ్ణి. వంటవాడని నాకు తెలీదా? చేతులు చూస్తే తెలీదా? ఇప్పుడు పైనుంచి ముగ్గురు ఫోన్ చేశారు. అతని ఊరి స్టేషన్ నుంచి కబురు వస్తే గానీ వదలలేను. సరే, వచ్చారు కదా, ఈ ఫారం నింపండి. పేరు?"

"నా పేరా సార్?"

"మీ పేరెందుకండీ? అతని పేరు."

నేను కలం పట్టుకుని దాదా అని రాయబోయి ఆగాను. రెండేళ్ళు. రోజుకు రెండు పూటలు. ఆయన గురించి ఆ పొద్దున్నే అంత పొడుగు రాశాను, చదివినవాళ్ళు కంటతడి పెట్టారు. లోపలి నుంచి దాదా నా వైపే చూస్తున్నాడు. ఆయనకీ అర్థమైంది. తల దించుకున్నాడు, నాకు సిగ్గేస్తుందని కాబోలు.

బావ లేచి వచ్చి నా చేతిలోంచి కలం లాక్కున్నాడు. పేరు రాశాడు. తండ్రి పేరు రాశాడు. వయసు, ఊరు, తాలూకా, జిల్లా, దిగే రైల్వే స్టేషనుతో సహా రాశాడు. నేను నోరు తెరిచి చూస్తుంటే, "ఏటలా సూత్తన్నావు? ఏటేటా దసరాకి ఈడికి టికెట్ బుక్ సేసేది నాను కాదేటి," అన్నాడు. ఫోను తీసి ఎస్సై ముందు పెట్టాడు. ఆరేళ్ళ టికెట్లు. అదే పేరు, అదే ఊరు, వెళ్ళినవీ వచ్చినవీ. దాని కింద దాదా మేనల్లుడు ఊళ్ళోంచి అప్పుడే పంపిన ఓటరు కార్డు ఫోటో. ఎస్సై ఒక్కొక్కటే జరుపుతూ చూశాడు. "ఇది చాలు, ఊరికి ఫోన్ చేస్తాను. రేపు పొద్దున్నకి అయిపోవచ్చు. మీరు హామీ సంతకం పెడతారా?" అన్నాడు. బావ పోర్టు గుర్తింపు కార్డు మెళ్ళోంచి తీసి బల్ల మీద పెట్టి సంతకం చేశాడు.

సంతకం చేస్తున్నంతసేపూ ఆయన ఫోను టింగు టింగుమంటూనే ఉంది. నాకు చదవాలని లేదు, కానీ బల్ల మీదే ఉంది. మధ్యాహ్నమే ఆయన తన గుంపులో రాశాడట: 'ఈడు మా మెస్సు దాదా. ఫోటో తీసీండి.' దానికి వచ్చిన జవాబులవి. 'నువ్వు కూడానా?' 'ఎంతకి అమ్ముడుపోయావు?' చివరిది ఒకే మాట, 'ద్రోహి.' నెలల తరబడి ఆయన నాకు విసిరిన మాటే. అది చూసి నాకు ఒక్క క్షణం, సిగ్గు లేకుండా చెబుతున్నాను, భలే సంతోషమేసింది. రెండో క్షణానికి మాత్రం ఆయన చెయ్యి చూశాను. అంతలావు మనిషి చెయ్యి, క్రేను లీవరు పట్టుకునే చెయ్యి, ఆ ఫోనుని మెల్లగా బోర్లిస్తోంది.

వరండా దిగగానే నా కోపం మళ్ళీ లేచింది. మరి ఎక్కడికి పోతుంది?

"నీదేం మనిషి బావా? ఓడెక్కించి పంపెయ్యమని నువ్వే రాస్తావు, వచ్చి సంతకం నువ్వే పెడతావు! రాసేదొకటి, చేసేదొకటి!"

"నాను రాసింది దేశం గురించి. ఈడు దాదా."

"నువ్వు పంపమన్నవాళ్ళలో ప్రతివాడూ ఎక్కడో ఒక మెస్సులో దాదాయే!"

బావ మోటారు సైకిలు తాళం వేళ్ళ మధ్య తిప్పుతూ నిలబడ్డాడు. ఆ దెబ్బ తగిలిందని నాకు తెలిసింది. ఆ మాట అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే, ఆ ఒక్కటీ నేను వెనక్కి తీసుకోను.

"అవ్వొచ్చు," అన్నాడు చివరికి. "నా రాతకీ సేతకీ పొత్తు కుదర్లేదు, ఒప్పుకుంతన్నాను. నీకు రాతే గానీ సేతే లేదు కదేటి బావా. పొద్దున తొమ్మిదికి తెలిసిందంట నీకు. ఏటి సేసినావు నాలుగింటి దాకా?" బండి స్టార్టు చేసి, నన్ను ఎక్కమని సైగ చేశాడు. ఎక్కాను. దారి పొడుగునా ఇద్దరి జేబుల్లోనూ టింగు టింగులు ఆగలేదు.

మర్నాడు పదకొండింటికి దాదాని వదిలేశారు. బావ సెలవు పెట్టి తీసుకొచ్చాడు. పిన్ని గుమ్మంలో ఎర్రనీళ్ళు దిగదుడిచి పోసి, చెంగుతో కళ్ళొత్తుకుని, వెంటనే, "పొయ్యి నిన్నటేలనుండి సల్లగుంది, ఎల్లు," అని కేకలేసింది. నేను క్షమాపణ చెప్పడానికి రాత్రంతా వాక్యాలు కూర్చుకున్నాను. చక్కటి వాక్యాలు. వంటగదిలోకి వెళ్ళి మొదలుపెట్టబోతే దాదా ఉల్లిపాయలు తరుగుతూ అడిగాడు:

"బాబూ, ఆ ఫొటోల సేప తీసీసినారంట కదా?"

"అవును దాదా."

"అంత పెద్ద కోనాం!" అన్నాడు, నిజంగానే బాధపడుతూ. "మనిషిని ఎలాగైనా సూపించుకోమను. సేపేటి సేసింది బాబూ ఆళ్ళని?"

నా వాక్యాలన్నీ అక్కడే ఉల్లిపొట్టులో కలిసిపోయాయి. ఆ రోజు మధ్యాహ్నం వడ్డన పిన్నే చేసింది. పప్పు, చేపల పులుసు, చారు అన్నీ అయ్యాక పెరుగు గిన్నెతో వరసగా వచ్చి, బావ దగ్గర ఆగి రెండు గరిటెలు వేసి, నన్ను దాటుకుని వెళ్ళిపోయింది. నేను రాజకీయం మాట్లాడలేదు పిన్నీ అన్నాను. ఆవిడ వెనక్కి తిరక్కుండా గోడ మీది కాగితం చూపించింది. నెల రోజులు నడిచింది ఆ శిక్ష. (బావ మొదటి రోజు తన కంచంలోంచి కొంచెం నా వైపు తోశాడు. పిన్ని చూసింది. ఆయనకీ బంద్.)

అలాగని అన్నీ చక్కబడిపోలేదు. దాదా ఏడాది పాటు జెట్టీకి వెళ్ళలేదు. బజార్లో ఎవరైనా తేరిపార చూస్తే తువ్వాలు మొహం మీదికి లాక్కునేవాడు. ఆ కత్తిరించిన ఫోటో చావలేదు. దేశంలో ఎక్కడ ఈ గొడవ లేచినా అది లేస్తుంది, ఒకసారి ఏదో ఉత్తరాది పట్టణం పేరుతో, ఒకసారి కేరళ పేరుతో. దాదా ఎప్పుడూ అంత నల్లటి జుట్టుతోనే, ఆ పాత తువ్వాలుతోనే, లేని చేప మీద కత్తి ఎత్తి నవ్వుతూ ఉంటాడు. అది కనిపించిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. కత్తిరించినవాడి మీద మంట సరే. 'ఎత్తు దాదా, ఇంకొంచెం పైకెత్తు' అన్న గొంతు నాదేనన్న సంగతి ఆ మంటకి నెయ్యి.

ఇది జరిగి పదేళ్ళు దాటింది. పిన్ని ఇప్పుడు లేదు. దాదా తగరపువలస హైవే మీద తనే ఒక మెస్సు పెట్టాడు. భార్య, మేనల్లుడు వచ్చేశారు, ఇప్పుడు నిజంగానే కంచరపాలెం వాడు కాకుండా పోయాడు. లోపలికి వెళ్ళగానే ఎదురుగా గోడకు అద్దం కట్టించిన ఫోటో ఉంటుంది. అదే ఫోటో, పూర్తిది. నేనే పెద్దది చేయించి ఇచ్చాను. చేపా, పెరడూ, వడియాలూ, అన్నీ ఉన్నాయి. కింద పేరు రాయించమంటే ఈసారి తప్పు లేకుండా రాయించాను. ఆ పేరు ఇక్కడ మాత్రం రాయను. ఒకసారి ఆయన గురించి రాసి చేసిన నిర్వాకం చాలు. కానీ నాకు తెలుసు. తండ్రి పేరూ తెలుసు.

పోయిన నెల్లో ఒక మధ్యాహ్నం నేనూ క్రేన్ బావా అక్కడ అన్నం తిన్నాం. బావకి జుట్టు నెరిసింది, నాకు ఊడింది. ఢిల్లీలో మళ్ళీ ఏదో కొత్త చట్టం మాట వచ్చింది. ఇద్దరం ఒద్దికగా, చాలా పెద్దమనుషుల్లా కూర్చుని తింటున్నాం. బల్ల కింద, ఎడమచేతుల్లో, ఫోన్లు. నేను సగం వాక్యంలో ఉన్నాను. 'నీలాంటి కఠిన హృదయుల వల్లే' దగ్గర.

దాదా పెరుగు గిన్నెతో వచ్చి మా మధ్య ఆగాడు. బల్ల కిందికి వంగి చూశాడు. నడుం నిటారు చేసుకుని, గిన్నె చంకలోకి మార్చుకున్నాడు.

"సేతులు పైకెట్టండి బాబూ ఇద్దరూ," అన్నాడు. "ఆఁ. ఇప్పుడు సెప్పండి, పెరుగెవరికి?"

ఇద్దరం ఎంగిలి చేతులూ మంచి చేతులూ కలిపి నాలుగూ ఎత్తాం.